కొండా, గుండూ

కొండ అని, ఆ వెంటనే గుండు అన్నామంటే తెలుగువాడి చెయ్యి తనంతట తనే నెత్తి మీదికి వెళ్తుంది. మీరీపాటికి అలిపిరి మెట్ల దగ్గర చెప్పులు విప్పుతూ ఉంటారు. కాస్త ఆగండి. నేను చెప్పబోయే కొండ స్కాట్లండ్‌లో ఉంది. గుండేమో తాపీమేస్త్రీ దారానికి కట్టి, గోడ నిలువుగా లేచిందో లేదో చూసుకునే ఇనుప గుండు. 1774లో ఈ రెండింటికీ ఒక సంబంధం కుదిరింది. పెళ్లిపెద్ద బ్రిటన్ రాజుగారి ఆస్థాన ఖగోళ శాస్త్రవేత్త. ఖర్చు మూడో జార్జి రాజుగారిది. వాన మాత్రం కొండ తరఫువాళ్లది.

ఆ కొండ పేరు షిహాలియన్. ముందే ఒక మాట ఒప్పేసుకుంటాను: నేను దాన్ని ఎక్కలేదు. ఎక్కబోయాను. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరమే ఇవాళ్టి మన కబుర్లు. బయట వాన పడుతోంది, కాఫీ పొయ్యి మీద ఉంది, మీకూ తొందర లేదనుకుంటాను.

మా చెల్లెలి కూతురు ఎడింబరోలో ఉంటుంది. కిందటిసారి వెళ్లినప్పుడు, "మావయ్యా, కోటలూ మ్యూజియంలూ చాలు, నిన్నో కొండెక్కిస్తా" అంది. నేను ఎత్తెంత అని అడిగాను. 1083 మీటర్లట. మన మదనపల్లె పక్కనున్న హార్స్‌లీ కొండలకంటే తక్కువే కదా అని ధైర్యం వచ్చింది. ఆ ధైర్యంలో లెక్కతప్పు ఉంది. హార్స్‌లీ కొండల మీదికి బస్సు వెళ్తుంది.

రెండు గంటలకు పైగా కారులో వెళ్లి, పెర్త్‌షైర్ లోపలి కొండల్లో బ్రేస్ ఆఫ్ ఫాస్ అనే చోట దిగాం. అక్కడ కార్లు ఆపుకునే జాగా, దాని పక్కన గొర్రెలు, ఇంకాస్త పక్కన మరిన్ని గొర్రెలు. కొండ ఎదురుగా ఉంది గానీ పటాల్లో చూసిన కొండలా లేదు. షిహాలియన్ బొమ్మలన్నీ పడమటి నుంచి, రానోక్ సరస్సు ఒడ్డున నిలబడి తీసినవి. అక్కడి నుంచి చూస్తే చిన్నపిల్లలు డ్రాయింగు పుస్తకంలో గీసే కొండ, రెండు గీతలూ పైన కలిసిపోయే కొండ. మేమున్న తూర్పు వైపు నుంచి మాత్రం అది పడుకున్న ఎనుబోతు వీపు. తూర్పు పడమరలుగా సాగిన పొడుగాటి గట్టును పడమటి కొసన నిలబడి చూస్తే ముక్కోణంలా కనిపిస్తుందన్నమాట. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు పేరు సంగతి. ఇంగ్లీషు పటం మీద దీనికి పన్నెండు అక్షరాలు. అక్కడి గేలిక్ భాషలో అసలు పేరు రెండు మాటలు. మొదటిదాన్ని 'సీద్' అన్నట్టు రాసి 'షీ' అని పలుకుతారు. రెండోది 'ఖాల్యన్' అనే మాటకు దగ్గరగా ఉంటుంది. దగ్గరగా అనే అంటున్నాను, ఎందుకంటే ఆ మొదటి హల్లు మన ఖ కాదు. హైదరాబాదు పాతబస్తీలో పెద్దవాళ్లు 'ఖుదా హాఫిజ్' అన్నప్పుడు గొంతులోంచి గీరుకుంటూ వచ్చే శబ్దం అది. సరస్సుకు స్కాట్లండ్‌వాళ్లు వాడే మాట చివరా అదే శబ్దం. ఇంగ్లీషువాళ్లు దాన్ని పలకలేక 'లాక్' అనేసి తాళం వేసేస్తారు. మనమూ తక్కువ తినలేదు లెండి. మనం ఇప్పుడు చెప్పుకుంటున్న ఈ 'కబుర్లు' ఎక్కడివి? అరబ్బీ 'ఖబర్' ఉర్దూ మీదుగా మన ఊళ్లోకి వచ్చింది. మనం గొంతు గీర ఊడగొట్టి, నున్నగా చేసి, కబురు చేసుకున్నాం. ఏలూరును 'ఎల్లోర్' అన్న దొరల మీద నేను ఇకపై కోపం తెచ్చుకోను.

పేరుకు అర్థం చాలామంది పండితులు చెప్పేది: కాలిడోనియన్ల సీద్. కాలిడోనియన్లంటే రోమన్ల కాలంలో ఆ ఉత్తరాది కొండల్లో ఉన్న ఒక తెగ. రోమన్లు ఆ ప్రాంతాన్నంతా కాలిడోనియా అన్నది వీళ్ల పేరు మీదే. ఆగ్నేయంగా కాస్త దూరంలో డంకెల్డ్ అనే ఊరుంది. దాని గేలిక్ పేరు కాలిడోనియన్ల కోట. తెగ పోయింది, భాష మారింది, ఊరూ కొండా మాత్రం ఆ పేరు మోస్తున్నాయి.

వ్యాకరణం మీద నాకున్న పిచ్చి మా ఇంట్లో అందరికీ తెలుసు, మీకూ తెలియాలి కాబట్టి ఒక్క నిమిషం. ఆ తెగ పేరులో మొదటి హల్లు అసలు 'క'. కొండ పేరులో అది గొంతు శబ్దంగా ఎందుకు మెత్తబడింది? గేలిక్‌లో మాటకు ముందు ఏ మాట ఉందో, వాక్యంలో దాని పనేమిటో చూసి మొదటి హల్లు మారిపోతుంది. కొండను 'బెన్' అంటారు. 'ఆ కొండ' అనాల్సి వస్తే బ కాస్తా వ అయిపోతుంది. వినగానే నాకు చిన్నయ సూరి కనిపించాడు. కూర, కాయ కలిస్తే కూరగాయ. అన్న పక్కన తమ్ముడు నిలబడితే అన్నదమ్ములు. తల్లి పక్కన తండ్రి చేరితే త మెత్తబడి ద అయి తల్లిదండ్రులు. గసడదవాదేశమంటే పరీక్షకు బట్టీపట్టిన బాధే గుర్తొచ్చే మనకు, అలాంటి పనే ఇంకో భాష అట్లాంటిక్ ఒడ్డున చేసుకుంటోందని తెలిస్తే ఎంత బావుంటుంది! రెండూ ఒకటేనని నేననడం లేదు. వాళ్ల సూత్రాలు వేరు. పక్కనున్నవాళ్లను చూసి హల్లు ఒరగడం ఒక్కటే పోలిక.

ఇక సీద్. దీన్ని ఇంగ్లీషులో ఫెయిరీల గుట్ట అంటారు. ఫెయిరీ అనగానే మన పిల్లలకు రెక్కలూ, చేతిలో నక్షత్రమున్న మంత్రదండమూ గుర్తొస్తాయి. గేలిక్ వాళ్ల సీద్ జనం అలాంటివాళ్లు కారు. వాళ్లు కొండ కడుపులో కాపురముండే జనం, మనుషులంత మనుషులు, పశువులూ పాటలూ పంతాలూ ఉన్నవాళ్లు. వాళ్ల కొండ తలుపు తెరిచి ఉన్నప్పుడు లోపలికెళ్లి ఒక పాటకు ఆడి బయటికొస్తే ఊళ్లో నూరేళ్లు గడిచిపోయి ఉంటాయి. మన భాగవతంలో రైవతుడు కూతురు రేవతికి వరుణ్ని అడుగుదామని బ్రహ్మలోకం వెళ్లి, పాట అయ్యేదాకా కాసేపు ఆగి తిరిగొస్తే యుగాలు దొర్లిపోయాయే, అలాగ. రైవతుడికి బలరాముడైనా దొరికాడు, వీళ్లకు తమ ఇంటి గోడలు కూడా దొరకవు.

ఆ జనాన్ని పేరు పెట్టి పిలవరు. 'శాంతి జనం' అని గౌరవంగా అంటారు. రాత్రిపూట పామును పురుగనీ, మశూచి వస్తే అమ్మవారు పోసిందనీ అన్న మనకు ఈ జాగ్రత్త ఎందుకో విడమరిచి చెప్పక్కర్లేదు. షిహాలియన్ దక్షిణం వైపు గ్లెన్ మోర్ అనే లోయలో ఒక గుహ ఉంది. వాళ్ల ఇంటి గుమ్మాల్లో అదొకటని కథలు.

నడక మొదలుపెట్టాం. మా చెల్లెలి కూతురు, వాళ్లాయన, పదేళ్ల పిల్లాడు, నేను. వాడు నన్ను "తాతయ్యా" అంటాడు గానీ కొండ మీద ఆ పిలుపులో కాస్త జాలి కలిసింది. దారి ముందు మెత్తగా ఎక్కుతుంది, రెండు పక్కలా హెదర్ పొదలు. చిన్న రాళ్లను పేర్చి, నీళ్లు పోవడానికి అడ్డంగా కాలవలు వదిలి, చక్కగా కట్టిన దారి. దీని వెనక ఒక కథ ఉంది. పూర్వపు దారి ఇది కాదు. అది నల్లటి పీట్ నేల మీదుగా పోయేది. ఎన్నో వేల ఏళ్లుగా చచ్చిన మొక్కలు సగం కుళ్లి పేరుకున్న నేల అది, తడి స్పాంజి లాంటిది. వచ్చినవాళ్లంతా బురద తప్పించుకోబోయి పక్కన అడుగేయడం, ఆ పక్కదీ బురదవడం, తర్వాతివాళ్లు ఇంకా పక్కకు జరగడం. దారి వెడల్పై వెడల్పై కొండ ఒంటి మీద పుండైంది. 1999లో జాన్ మ్యూర్ ట్రస్ట్ అనే సంస్థ కొండ తూర్పు భాగాన్ని కొని, పాత దారి మూసి, వేరే వరుసలో ఈ కొత్త దారి వేయించింది. మ్యూర్ ఈ దేశంలోనే డన్‌బార్‌లో పుట్టి, పదకొండో ఏట అమెరికా వెళ్లి, అక్కడి అడవులను కాపాడినవాడు.

ఈ దారిన పోయి రావడం పది కిలోమీటర్లు. ఎక్కాల్సిన ఎత్తు 750 మీటర్లకు అటూఇటూ. స్కాట్లండ్‌లో కొండ నడక లెక్కకు నేస్మిత్ సూత్రమని ఒకటుంది. 1892 నాటిది. గంటకు అయిదు కిలోమీటర్ల చొప్పున నడక, ఆపైన ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకూ ఒక గంట. ఆ ప్రకారం మాకు మూడుంబావు గంటలు. చాలామంది నాలుగు నుంచి ఆరు గంటలు చెప్పుకుంటారు. నేస్మిత్ గారు మోకాళ్లను లెక్కలోకి తీసుకోలేదు.

ఎందుకింతమంది వస్తారంటే, ఇదొక మన్రో. రాయలసీమ చదువరులు లేచి కూర్చోకండి. గ్లాస్గోలో పుట్టి, దత్తమండలాల కలెక్టరుగా పనిచేసి, 1827లో పత్తికొండలో కలరాతో పోయిన మన థామస్ మన్రో దొర వేరు. ఈయన సర్ హ్యూ మన్రో. 1891లో స్కాట్లండ్‌లో మూడు వేల అడుగులు దాటిన శిఖరాలన్నిటికీ జాబితా రాశాడు. ఇప్పుడా జాబితాలో 282 ఉన్నాయి. అన్నిటినీ ఎక్కి, ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోవడం అక్కడ కొందరికి జీవితకాలపు పని. మనవాళ్లు పన్నెండు జ్యోతిర్లింగాలు పూర్తి చేసినట్టు. పన్నెండుతో ఆగినవాళ్లం మనం నయం.

సగం దారిలో పిల్లాడు అడిగాడు: "తాతయ్యా, కింద రాయి మీద ఎవరో మాస్కెలిన్ అని రాసుంది, ఆయనేం చేశాడు?" నేను ఊపిరి పీల్చుకునే సాకు కోసమే చూస్తున్నాను. వెంటనే కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను.

గుండు నిలువుగా ఎందుకు వేలాడుతుంది? భూమి లాగుతుంది కాబట్టి. అయితే న్యూటన్ చెప్పినట్టు ప్రతి వస్తువూ ప్రతి వస్తువునూ లాగేటట్టయితే, పక్కనే పెద్ద కొండ ఉంటే అదీ కాస్త లాగాలిగా? లాగాలి. ఆ సంగతి న్యూటన్‌కూ తట్టింది గానీ అది కొలవడానికి అందనంత తక్కువని వదిలేశాడు. 1738లో ఫ్రాన్స్ నుంచి వెళ్లిన బుగేర్ దక్షిణ అమెరికాలో చింబొరాజో కొండ దగ్గర ప్రయత్నించాడు. చలి, గాలి, అంతెత్తు. ఏదో ఒరిగినట్టు కనిపించింది గానీ నమ్మదగిన లెక్క చేతికి రాలేదు. ఇది తెలిస్తే ఏం లాభమంటారా? కొండ బరువు మనం కట్టగలం: కొలిచి, ఎంత పరిమాణమో చూసి, రాయి సాంద్రతతో హెచ్చిస్తే సరి. ఆ కొండ గుండును ఇంత లాగింది, భూమి అంత లాగింది అని తెలిస్తే, త్రాసులో ఒక పక్క కొండ, ఇంకో పక్క భూమి. భూగోళాన్నే తూయొచ్చు.

త్రాసుకు సరైన రాయి కావాలిగా. 1773 వేసవిలో చార్లెస్ మేసన్‌ను రాయల్ సొసైటీ వెతకడానికి పంపింది. అమెరికాలో డిక్సన్‌తో కలిసి సరిహద్దు గీసిన మేసనే ఈయన. కావలసిన లక్షణాలు పెళ్లిసంబంధంలా కచ్చితం: చుట్టూ వేరే కొండల గోల ఉండకూడదు, ఉత్తర దక్షిణాలు ఏటవాలుగా ఉండాలి, రూపం లెక్కకు లొంగేలా ఉండాలి. తూర్పు పడమరలుగా పడుకున్న ఆ ఎనుబోతు వీపు గుర్తుందా? అన్నీ కుదిరినది అదే. మేసన్ కొండను చూపించాడు గానీ, ఉండి పని చేయమంటే నావల్ల కాదన్నాడు. శుక్రగ్రహం సూర్యుడి మీదుగా వెళ్లిన 1769 నాటి పరిశీలనలకు రాజుగారిచ్చిన డబ్బులో కొంత మిగిలి ఉంది. దాంతో ఆస్థాన ఖగోళ శాస్త్రవేత్త నెవిల్ మాస్కెలిన్ తనే బయల్దేరాడు.

1774 వేసవి నుంచి అక్టోబరు దాకా ఆయన ఈ కొండ మీదే ఉన్నాడు. ముందు దక్షిణం వైపు గుడిసె, తర్వాత ఉత్తరం వైపు. నడినెత్తిన వచ్చే నక్షత్రాలను పదడుగుల దూరదర్శినితో చూడటం, నడినెత్తి ఏదో గుండు వేసి తేల్చుకోవడం. పని ఇంతే. నాలుగు నెలలెందుకు పట్టిందంటే నక్షత్రాలు కనిపించాలిగా! వాన, మంచు, మబ్బు. మన ఊరి ఆశ్లేష కార్తె అక్కడ ఏడాదికి పది నెలలు.

కొండకు దక్షిణాన గుండు ఉత్తరానికి ఒరిగింది, ఉత్తరాన దక్షిణానికి. రెండు గుడిసెల మధ్య దూరాన్ని నేల మీద గొలుసు లెక్కల్లో కొలిస్తే 42.94 సెకన్ల అక్షాంశ భేదం రావాలి. నక్షత్రాల లెక్కలో 54.6 వచ్చింది. ఈ సెకన్లు గడియారంవి కావు, మన పంచాంగంలో భాగ, కల, వికల అంటామే, ఆ వికలలు. తేడా 11.6 వికలలు. ఒక్కో పక్కన అందులో సగం. అంటే ఎంత? పదడుగుల దారం చివర గుండు పక్కకు జరిగింది రమారమి ఒక వెంట్రుక మందం. గుండుకూ వెంట్రుకకూ ఇంతకంటే దగ్గరి సంబంధం తిరుపతిలో కూడా లేదు.

ఆ వెంట్రుకకు మాస్కెలిన్‌కు 1775లో కోప్లీ పతకం వచ్చింది. అసలు గొడ్డుచాకిరీ మాత్రం ఇంకొకరిది. కొండంతా కొలతలు పట్టినవాళ్లలో రూబెన్ బర్రో అనే సహాయకుడు ముఖ్యుడు. ఆ కొలతల్ని ఏళ్ల తరబడి ముందేసుకుని లెక్క తేల్చింది చార్లెస్ హటన్, న్యూకాసిల్ బొగ్గుగని కూలీ కొడుకు, చిన్నతనంలో తనూ గనిలో పనిచేసి లెక్కల మాస్టారైనవాడు. పటం నిండా ఎత్తుల అంకెలు చీమల్లా పాకుతుంటే, సమానమైన ఎత్తులున్న చోట్లను సన్నటి గీతతో కలుపుతూ పోయాడు. కొండ ఒళ్లు కళ్లకు కట్టింది. బళ్లో జాగ్రఫీ అయ్యవారు గీయించిన కాంటూరు గీతలు ఇవే. 1778లో హటన్ చెప్పాడు: భూమి సగటు సాంద్రతకూ కొండ సాంద్రతకూ నిష్పత్తి తొమ్మిదికి అయిదు. కొండ రాయి నీటికి రెండున్నర రెట్లనుకుంటే భూమి నీటికి నాలుగున్నర రెట్లు. ఇప్పటి లెక్కలో అది అయిదున్నర. వెంట్రుకవాసి ఒరుగును పట్టుకుని వెళ్లినవాడు అంత దగ్గరికి రావడం చిన్న సంగతి కాదు. భూమి లోపల డొల్ల అయి ఉండొచ్చన్న హేలీ ఊహ అక్కడితో కూలింది. పైనున్న రాయికంటే లోపల బరువైనదేదో ఉండాలి, లోహమే కావొచ్చన్నాడు హటన్. నిజమే అయింది. 1798లో కావెండిష్ కొండల పని లేకుండా గదిలోనే సీసపు గుళ్లతో ఇంకా సరైన అంకె తేల్చాడు. నాకు మాత్రం ఎందుకో కొండే నచ్చుతుంది.

బర్రో గురించి ఇంకొంచెం. ఆయన దినచర్య పుస్తకం నిండా మాస్కెలిన్ మీద సణుగుడే. పని తనది, పేరు దొరగారిది అనుకునేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉంటారు. చివరికి ఆయన మన దేశమొచ్చాడు. కలకత్తాలో లెక్కలు చెప్పుకుంటూ సంస్కృతం నేర్చుకున్నాడు. ద్విపద సిద్ధాంతం హిందువులకు ముందే తెలుసని 1790లో వ్యాసం రాశాడు. 1792లో బక్సర్‌లో పోయాడు. షిహాలియన్ వానలో తడిసిన మనిషి బక్సర్ ఎండలో.

గుండు ఒరిగే జబ్బు కూడా ఆయనలాగే మన దేశమొచ్చింది. 1802లో మద్రాసు నుంచి లాంబ్టన్ భారతదేశాన్ని కొలుస్తూ బయల్దేరాడు, 1811లో మన గుత్తి దగ్గర ఒక ఆధార రేఖ కొలిచాడు. 1818లో హైదరాబాదు వచ్చి ఆయన దగ్గర చేరిన కుర్ర సహాయకుడు జార్జి ఎవరెస్ట్. మొదటి పెద్ద పనికే కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లోకి పంపితే జ్వరం పట్టుకుని చావు తప్పింది. వీళ్ల కొలతలు ఉత్తరానికి, హిమాలయాల దగ్గరికి చేరేసరికి గుండు లెక్కకూ నేల లెక్కకూ అయిదు వికలల తేడా. హిమాలయాలు లాగాయి మరి, అనుకున్నారు. 1855లో ప్రాట్ అనే కలకత్తా మతాధికారి లెక్కవేస్తే, అంత పెద్ద కొండలు పదిహేను వికలలకు పైగా లాగాలి! అంటే హిమాలయం లాగాల్సినంత లాగడం లేదు. పైన అంత బరువుంటే కింద తేలికపాటి రాయి లోతుగా దిగి ఉండాలని, నీళ్లలో మంచుగడ్డ మునిగినట్టు కొండలకూ వేళ్లుంటాయని తేలింది అందులోంచే. చిన్న షిహాలియన్ ఒళ్లు దాచుకోకుండా లాగితే, పెద్దాయన దాచుకున్నాడన్నమాట.

ఇదంతా చెప్పేసరికి పిల్లాడు ముందుకెళ్లిపోయాడు. వాళ్ల నాన్న చివరిదాకా విన్నాడు, అల్లుడి మర్యాద.

తర్వాత కొండ అసలు రంగు చూపించింది. కట్టిన దారి అయిపోయింది. గట్టు మీదికొచ్చాక మిగిలినదంతా రాళ్లు. మన పలుగురాయి జాతికి చెందిన క్వార్ట్‌జైట్ బండలు, లేత బూడిదరంగువి, పెట్టెలంత, బల్లలంత, ఎటు అడుగేస్తే అటు కదిలేవి. శిఖరమనుకున్నది దగ్గరికెళ్తే శిఖరం కాదు, వెనక ఇంకోటి. అదీ కాదు. ఈ బండల మీద ఒకటిన్నర కిలోమీటర్లు పోవాలట. నా బూట్లు షోరూములో బాగుండేవి. ఇంతలో పడమటి నుంచి మబ్బు ఒకటి నింపాదిగా వచ్చి గట్టు మీద కూర్చుంది. పది అడుగుల అవతల బండ కూడా కనపడదు. "మావయ్యా, ఇక చాలు. దిగుదాం" అంది మా అమ్మాయి. ఆ మాట నేననకుండా తనంది, అందుకు ఇప్పటికీ కృతజ్ఞుణ్ని.

కాబట్టి శిఖరం మీది సంగతులు చెప్పుడు మాటలే. తెరపి రోజున పడమట రానోక్ సరస్సు, దాని అవతల రానోక్ బీడునేల, ఇంకా అవతల గ్లెన్‌కో కొండలు. దక్షిణాన 1214 మీటర్ల బెన్ లాయర్స్. చలికాలంలో తెల్లబడి మంచులో కలిసిపోయే టార్మిగన్ అనే పిట్ట ఆ బండల మధ్య తిరుగుతుంది. వేరే దారులూ ఉన్నాయి. పడమట కిన్‌లోక్ రానోక్ వైపు నుంచి నిటారుగా ఎక్కొచ్చు, ఊపిరీ గుండే గట్టివైతే. దక్షిణాన గ్లెన్ మోర్ లోయలోంచి, శాంతి జనం గుహ చూసుకుంటూ, పెద్దగా దారి లేని చోట దారి చేసుకుంటూ వెళ్లొచ్చు. స్కాట్లండ్‌లో 2003 నాటి చట్టం ప్రకారం బాధ్యతగా నడిచేవాళ్లను చాలామటుకు ఎవరి భూమిలోనైనా ఆపకూడదు. గేలిక్ మాటలు కొన్ని తెలిస్తే పటమే సగం దారి చెప్తుంది: 'మోర్' అంటే పెద్దది, 'బెగ్' చిన్నది, 'దూ' నల్లది, 'జెరగ్' ఎర్రది. ఎర్రగుట్ట, నల్లకొండ, పెద్దవాగు అన్నట్టు, చూసినదాన్ని చూసినట్టు పెట్టిన పేర్లు. 2022 జనగణనలో ఆ భాష కొంతైనా వచ్చన్నవాళ్లు లక్షా ముప్ఫై వేలు. పటాన్ని చదవకుండా మోసేవాళ్లు ఎన్నో రెట్లు.

దిగుతూ మా అమ్మాయి చెప్పిన కథ ఇది. అక్కడివాళ్లంతా చెప్పుకుంటారట. మాస్కెలిన్ దగ్గర వంటా పనీ చూసే డంకన్ అనే ఎర్రజుట్టు కుర్రాడు ఉండేవాడు. రాత్రిళ్లు నక్షత్రాలు కనపడనప్పుడు ఫిడేలు వాయించేవాడు, అంటే దాదాపు రోజూ. పని పూర్తయిన రాత్రి ఉత్తరం గుడిసెలో పెద్ద విందు, పీపాడు విస్కీ. ఆ సంబరంలో గుడిసె అంటుకుని బూడిదైంది, లోపల ఫిడేలూ బూడిదైంది. మాస్కెలిన్ లండన్ వెళ్లాక మాట తప్పకుండా ఒక కొత్త ఫిడేలు పంపాడట. అది స్ట్రాడివేరియస్ అంటారు. స్ట్రాడివేరియసో కాదో గానీ డంకన్ దాని మీద గేలిక్‌లో పాట కట్టాడు, లండన్ నుంచి వచ్చిన పసుపుపచ్చ పడుచు అని. భార్య కంటే ముద్దుగా చూసుకుని ఉంటాడు. భార్య మీద పాట సంగతి మాత్రం నేను వినలేదు.

కిందికొచ్చేసరికి మబ్బు కొండను మెడ దాకా కప్పేసింది. చపాతీలూ టమాటా పచ్చడీ తిన్నాం. పిల్లాడు కనపడకపోతే చూశాను, మాస్కెలిన్ పేరున్న రాయి పక్కన నిలబడి ఉన్నాడు. ఒక బూటు లేసు విప్పి, దానికి వాళ్ల నాన్న కారు తాళం కట్టి, చేయి చాపి పట్టుకుని, ఒక కన్ను మూసి చూస్తున్నాడు.

"తాతయ్యా, ఒరుగుతోంది! కొండ వైపే!"

చూశాను. తాళం నిజంగానే కొండ వైపు తేలి ఊగుతోంది. నా చెవుల్లోంచి గాలి హోరుమని అటే పోతోంది.

"అవున్రా," అన్నాను.